దిండుకు చాలని దూది

లక్ష్మప్పకు కోపం రావడంలో తప్పేమీ లేదు. సొంత చేలో పండిన పత్తి. గింజ తీయించి, మూట కట్టి, పెద్దకడుబూరు నుంచి ఆదోని దాకా బండి కట్టుకుని తెచ్చి ఇచ్చాడు. ఒక పరుపు, రెండు దిండ్లు కుట్టి పెట్టమని చెప్పి పోయాడు. ఇప్పుడు వచ్చి చూస్తే పరుపు బాగానే ఉంది. ఒక దిండూ బాగానే ఉంది. రెండోది మాత్రం ఖాళీ సంచిలాగా నేలకు అంటుకుపోయి ఉంది.

"ఏంది సాబూ ఇది? దిండా, దోసెనా?" అని దాన్ని కాలితో తోశాడు.

వాకిట్లో దూది ఏకుతున్న పీరా సాబ్ తలెత్తలేదు. ఎడమచేత్తో విల్లు పట్టుకుని, కుడిచేతి కొయ్యతో దానికి కట్టిన నరాన్ని కొడుతూనే ఉన్నాడు. టంయ్ టంయ్ అని నరం మోగినప్పుడల్లా దూది పింజలుగా లేచి అతని కనుబొమల మీద, గడ్డం మీద వాలుతోంది.

"ఏకితే తరుగు పోతాదప్పా. దుమ్ము, గింజపలుకు అంతా పోవాల గదా," అన్నాడు.

"తరుగు సంగతి నాకు సెప్తాండావా? మా నాయన కాలం నుంచి మీ యింట్లోనే పరుపులు కుట్టించుకుంటాండాం. మీ యన్న బడే సాబ్ ఉన్నన్నాళ్ళూ ఒక్క తూరి గూడా దిండుకు దూది సాల్లేదన్న మాట లేదు. ఆయన పోయి నెల దాటిందో లేదో, అప్పుడే సేతివాటం మొదలైందా ఈ యింట్లో?"

అరుగు మీద వక్కాకు దంచుకుంటున్న ముసలామె రోకలి ఆపింది. ఆమె సర్దార్‌బీ, ఆ అన్నదమ్ములను కన్నతల్లి.

"మా మగోళ్ళు కడుపు మాడ్చుకుంటారు గానీ ఒకరి సొమ్ము ముట్టరు నాయనా. ఏకేది నా కొడుకు. కుట్టేది వేరే మనిషి. కుట్టే సేతుల సంగతి నాకేం తెలుసు?"

అంటూ లోపలి గడప వైపు చూసింది. ఆమెతోపాటు లక్ష్మప్ప కూడా చూశాడు. బిందెతో నీళ్ళు తెస్తున్న పీరా సాబ్ పెండ్లాం వహీదా బీ సైతం ఆగి, పనిగట్టుకుని మరీ అటే చూసింది.

గడప లోపల నీడలో, దబ్బనం చేతబట్టుకుని కూర్చున్నది జొహరాబీ. పోయిన బడే సాబ్ భార్య, ఆ యింటి పెద్దకోడలు. మొగుడి నలభయ్యో దినం ఇంకా కాలేదు. ఇద్దత్‌లో ఉన్న ఆడది నాలుగు నెలల పది దినాలు గడప దాటకూడదు, పరాయి మగవాడికి ఎదురుపడకూడదు. కాబట్టి వాకిట్లోకి వచ్చి "నేను ముట్టలేదు" అనడానికి కూడా ఆమెకు దారి లేదు. మనిషిని లోపల కూర్చోబెట్టి, బయట నలుగురూ నింద వేసుకోవడం ఎంత సుఖమో చూడండి!

ఒక్క మాట అనుంటే సరిపోయేది పీరా సాబ్. "మా వదిన అట్లాంటిది కాదప్పా" అని ఒకే ఒక్క మాట. నోటి ముత్యాలేమీ రాలిపోవు. ఆమె కోడలుగా వచ్చినప్పుడు అతనికి మూతి మీద మీసం కూడా లేదు. ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాడు. అయినా అనలేదు. నరం మీద కొయ్య ఇంకా గట్టిగా పడింది, అంతే.

"వచ్చే సంతకు వస్తా. దిండు నిండాల. అంతకుముందే మీ వీధి పెద్దమనిషి రహీమ్ సాబ్ సెవిన గూడా ఒక మాట యేసి పోతా," అని లక్ష్మప్ప తలపాగా దులుపుకుని వెళ్ళిపోయాడు.

దూది ఎవరు తీస్తున్నారో జొహరాబీకి తెలుసు. పొద్దంతా ఆ గడప లోపలే కూర్చునే మనిషికి వాకిట్లో జరిగేది తెలియకుండా ఎట్లా పోతుంది? పీరా సాబ్ ఏకుతూ ఏకుతూ ఒకచోట ఆగుతాడు. అటూ ఇటూ చూస్తాడు. బాగా విచ్చిన మెత్తటి దూది పెద్ద గుప్పెడు తీసి, అరచేతుల మధ్య చుట్ట చుట్టి, లుంగీ మడతలో దోపుకుంటాడు. లేచి పెరట్లోకి, కంపచెట్ల అవతలికి పోతాడు. తిరిగొచ్చినప్పుడు ముఖంలో నెత్తురుచుక్క ఉండదు. గోనెపట్టా మీద కూర్చునేముందు ఒక చెయ్యి నేలకు ఆనించి, ఒక పక్కకు ఒరిగి, మెల్లగా దిగుతాడు. పూటకు ఎన్నిసార్లు పోతున్నాడో ఈ మధ్య లెక్కే లేదు. గుడ్డపేలికలు వాడితే ఉతికే పెండ్లానికి తెలుస్తుంది. దూదైతే కంపలో పారేసి రావచ్చు. ఒక దిండుకు పట్టే దూది అట్లా పోయింది.

ఇదంతా ఆమె ఒకసారి చూసిందే. ఇదే వాకిలి, ఇదే గోనెపట్టా, చుట్ట చుట్టడం కూడా ఇట్లాగే. అప్పుడు చుట్టింది తన మొగుడు.

దూదేకులవాళ్ళకు మొలలు పుట్టుకతో వచ్చేవేనని ఆ యింట్లో అందరి నమ్మకం. గొంతుకూర్చుని చేసే పని, దానికి తోడు దూది వేడి, నెత్తురు పడక ఏమవుతుంది అంటారు. మామ పోయినప్పుడు "మొలలు ముదిరి పోయినాడు" అని చెప్పుకున్నారు. బడే సాబ్‌కు మొదలైనప్పుడు కూడా ఎవరూ ఉలిక్కిపడలేదు. జొహరాబీ సైతం కూటిలో మజ్జిగ రెండింతలు పోసింది, అంతే. బజారులో ఒక మొలల వైద్యుడు పొట్లాలు కట్టి ఇచ్చే చూర్ణం ఏడాది పైన మింగించారు. చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి మోసుకుపోయేసరికి పేగు మూసుకుపోయి, కడుపు కుండలాగా ఉబ్బి ఉంది.

"ఇవి మొలలు కావమ్మా. పెద్దపేగులో క్యాన్సరు," అన్నాడు అక్కడి డాక్టరు. కోపంగా కాదు, అలసటగా అన్నాడు. మామ సంగతి అడిగి తెలుసుకుని, "ఈయనకు తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు. "ఉంటే వాళ్ళను తీసుకురా. ఏ బాధా లేకపోయినా సరే, చూపించుకోవాలి. కంటికి కనపడని నెత్తురు కూడా పరీక్షలో తెలుస్తుంది. ముందుగా పట్టుకుంటే ఆ చెడ్డ ముక్క కోసి తీసేస్తాం, మనిషి దక్కుతాడు. ఇట్లా చివర్న తెస్తే మేమేం చేయలేం."

మొగుడి శవంతోపాటు ఆ మాటనూ మోసుకుని ఇంటికి వచ్చింది జొహరాబీ. మూడో దినం పోయినవాడి పేరు మీద ఫాతెహా చదివించాక అత్తతో చెప్పింది. సర్దార్‌బీ గుండెలు బాదుకుంది.

"ఒక కొడుకును మింగినావు, సాల్లేదా నీకు? ఇంకొకని మీద గూడా ఆ మాయదారి రోగం పేరు పెడతావా? ఇంకోతూరి ఆ పేరు ఈ గడపలో ఎత్తు, నాలిక కోసి సేతిలో పెడతా!"

ఆ రోజు నుంచి ఆ యింట్లో ఆమెతో ఎవరూ నేరుగా మాట్లాడటం లేదు.

లక్ష్మప్ప పోయిన సాయంత్రం జొహరాబీ పెరట్లోకి వెళ్ళింది. పెరడు దాకా ఇద్దత్ అడ్డం రాదు. కంపచెట్ల కింద వెతకాల్సిన పనే లేకపోయింది. గాలికి లేచి ముళ్ళకు తగులుకున్న దూది అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తూనే ఉంది. కొన్ని ఎండి నల్లబడ్డాయి. ఒకటి మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది. దాన్ని ముల్లుపుల్లతో సహా విరిచి చేత పట్టుకుని నిలబడింది. ఆమెకు ఒళ్ళు మండింది.

లుంగీ మడత సర్దుకుంటూ వచ్చిన పీరా సాబ్ ఆమెను చూసి గతుక్కుమన్నాడు.

"తరుగు అన్నావే లక్ష్మప్పతో, ఇదేనా తరుగు?" అంది పుల్ల ముందుకు చాపి.

అతను ఇంటి వైపు చూశాడు. "పారెయ్ వదినా దాన్ని. ఎవరన్నా సూస్తారు."

"సూడనీ. ఎన్నాళ్ళ నుంచి?"

"మొలలు. ఈ కులంలో ఎవరికి లేవు?"

"మీ నాయనకు మొలలే అన్నారు. మీ యన్నకు మొలలే అన్నారు. యాడుండారప్పా ఇద్దరూ? సూపించు నాకు."

"నోరు ముయ్యి!" పీరా సాబ్ చెయ్యి లేచింది. కొట్టలేదు గానీ లేచింది. "నా యన్న బతికుంటే ఇంత మాట అంటావా? అమ్మ సెప్పింది నిజమే. నీ నోట్లోనే విషముంది."

"విషమే. మింగు. నీ మంచికి సెప్తాండా. నాతో కర్నూలుకు రా. నువ్వు దొడ్డికి పోయింది రవ్వంత అగ్గిపెట్టెలో పెట్టుకొని పోతే సాలు, పరీక్ష సేస్తారు. గొట్టం పెట్టి లోపల సూస్తారు. ఏమీ లేదంటే నీ యిష్టం వచ్చినట్ల తిట్టు నన్ను."

అగ్గిపెట్టె అనేసరికి అతని ముఖం చింతనిప్పు అయింది.

"మొగోన్ని, అది అగ్గిపెట్టెలో పెట్టుకొని ఎర్ర బస్సులో పోవాల్నా? ఆడ ఎవడో గుడ్డలిప్పి గొట్టం పెడితే వంగోవాల్నా? ఊర్లో తల ఎత్తుకొని తిరగొద్దా నేను?"

"సిగ్గా? లక్ష్మప్ప ముందర నన్ను దొంగను సేస్తాంటే గమ్మున దూది ఏకుతాంటివే, అప్పుడు యాడ పెట్టినావు ఆ సిగ్గు?"

జవాబు లేని మగవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. పుల్ల లాక్కుని కంపలోకి విసిరేసి, "ఈ మాట బయటికి పోయిందా, ఈ యింట్లో నీకు కూడు పుట్టదు," అని విసవిసా నడిచి పోయాడు. నాలుగడుగులు పోయి, గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నడుము పట్టేసినట్టు వంగి, మళ్ళీ నిటారుగా అయి, లోపలికి పోయాడు. అది కూడా జొహరాబీ చూసింది.

నలభయ్యో దినం పొద్దున్నే వంటింట్లో పొయ్యిలన్నీ రాజుకున్నాయి. కోటా బియ్యంలో రాళ్ళు ఏరే పని జొహరాబీకి అప్పజెప్పారు. ఏరిన బియ్యం మాత్రం వహీదా బీ మళ్ళీ ఒకసారి చేట్లో పోసి, దొంగ చేతిలో పడినవాటిని లెక్కచూసుకుంటున్నట్టు కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకుంది. ఆమె నీళ్ళ కోసం బయటికి పోయిన సందులో పీరా సాబ్ లోపలికొచ్చి, తలుపు దగ్గరే గొంతుకూర్చోబోయి, కూర్చోలేక నిలబడ్డాడు.

"వదినా. ఈ పొద్దు రహీమ్ సాబ్ అడుగుతాడంట. లక్ష్మప్ప పోయి అంతా సెప్పినాడు."

ఆమె చేట ఆపలేదు.

"నా పేరు ఎత్తొద్దు."

"ఎత్తకుంటే దూదికి రెక్కలొచ్చి పోయిందనాల్నా?"

అతను గడప వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నువ్వే తీసినావని ఒప్పుకో. నువ్వు ఆడదానివి, ఏదో అక్కరకు తీసుకున్నావంటే ఒక తిట్టు తిట్టి వదిలేస్తారు. నా సంగతి బయటపడితే నేను బతకను. నువ్వు ఒప్పుకుంటే... కర్నూలుకు వస్తా."

చేట కింద పెట్టింది జొహరాబీ. మనిషి ఇంత నీచానికి దిగుతాడా అని చూసింది. దిగుతాడు. ఎదురుగా నిలబడి ఉన్నాడు గదా. కానీ అతని కళ్ళ కింద చర్మం పసుపుపచ్చగా, పలచగా అయిపోవడం కూడా కనిపించింది. బడే సాబ్‌కు మొదట పలచబడింది అక్కడే.

"అన్న మట్టి మీద ఒట్టు," అన్నాడు.

"మీ యన్న మట్టి మీద ఒట్టు పెట్టే అర్హత నీకు లేదు. ఊరికే సెప్పు. వస్తావా, రావా?"

"వస్తా."

ఆమెకు మరిది మీద ప్రేమేమీ పొంగిపొర్లలేదు. అతని ముఖం చూస్తేనే మండుతోంది. ఆ ముఖం మీద చేట విసిరికొట్టాలనిపించింది. కానీ కడుపు ఉబ్బి, పక్క గుడ్డ పళ్ళతో కొరుకుతూ, రాత్రింబవళ్ళు బడే సాబ్ పెట్టిన ఆ కేకలు ఆమె చెవుల్లో ఇంకా ఉన్నాయి. ఇంకొక మనిషి నోట ఆ కేకలు వినే శక్తి తనకు లేదని ఆమెకు బాగా తెలుసు.

మధ్యాహ్నం ఫాతెహా అయింది. జనం తిన్నారు. తిన్నవాళ్ళ చేతుల మీద పీరా సాబ్ చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. చాప మీద దిండుకు ఆనుకుని కూర్చున్న అబ్దుల్ రహీమ్ గొంతు సవరించుకున్నాడు. ఆ వీధిలో నలుగురికీ మంచీ చెడ్డా చెప్పే పెద్దమనిషి ఆయన. లోపలి తలుపుకు పాత దుప్పటి కట్టి ఉంది. ఆడవాళ్ళంతా దాని వెనక ఉన్నారు.

"బడే సాబ్ పేరు మీద అన్నం తిన్నాం. ఆ పేరు సెడిపోకూడదు. అమ్మా జొహరాబీ, నీ మీద ఒక మాట వచ్చింది. నేను నమ్మను. ఖురాన్ మీద సెయ్యి పెట్టి, ఆ దూది ముట్టలేదని ఒక్క మాట సెప్పు. ఈడికే అయిపోతాది."

ఎంత సులువు! నిజం చెప్పి నిర్దోషిగా బయటపడే దారి వాకిట్లోకి నడిచొచ్చి ఆమె ముందు కూర్చుంది. ఆమె ముట్టలేదు. చెయ్యి పెడితే చాలు. అప్పుడు అందరి కళ్ళూ ఎవరి మీదికి పోతాయి? దుప్పటి చిరుగులోంచి చూసింది. పీరా సాబ్ చేతిలో చెంబు వంగే ఉంది. కింద చేతులు పట్టిన ముసలాయన "సాలప్పా, సాలు" అంటున్నా నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

"ఒట్టు అక్కర్లేదు సాబ్. నేనే తీసినా," అంది జొహరాబీ.

చెంబులోంచి నీళ్ళు పడటం ఆగింది.

"ఎందుకమ్మా?"

ఎందుకో ఆమె అనుకుని పెట్టుకోలేదు. "అక్కర పడింది," అంది.

అంతే, సర్దార్‌బీ గొంతు లేచింది. "ఇన్నారా? ఇన్నారా అందరూ? నేనంటే అత్త నోరు సెడ్డదంటిరి! సచ్చినోని సేతి కష్టం, వాని పేరు, అంతా బజారున పెట్టింది దొంగముండ!"

వహీదా బీ వచ్చి, జొహరాబీ కొంగుకు గుచ్చి ఉన్న దబ్బనం పీకి తీసుకుని, తన కొంగుకు గుచ్చుకుంది. తిట్ల కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆ దబ్బనం ఇంకొకరి చేతికి పోలేదు.

"ఏదో తప్పు అయిపోయింది. ఇద్దత్ నిండేదాకా ఈడే ఉండనీండి. తర్వాత సూస్తాం," అన్నాడు రహీమ్ సాబ్.

"దొంగకు ఇద్దత్తేంది సాబ్? రేపు పొద్దున్నే గోనెగండ్లలో దాని అన్న దస్తగిరి కాడికి పంపిస్తా. పీరా తోల్కపోయి వదిలేసి వస్తాడు. ఏమిరా?"

అందరూ పీరా సాబ్ వైపు చూశారు. "అట్లే అమ్మా," అన్నాడు.

మర్నాడు ఆదోని బస్టాండులో ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని అతను ముందు నడిచాడు. కొంగు ముఖం మీదికి లాక్కుని జొహరాబీ వెనక నడిచింది. కర్నూలు బస్సు నిలబడి ఉంది. ఎమ్మిగనూరు, గోనెగండ్ల మీదుగా పోయే బస్సు. ఎక్కేముందు ఆమె ఆగింది.

"కర్నూలుకే గదా?"

"గోనెగండ్లకు. అమ్మ సెప్పింది ఇన్లేదా?"

"నువ్వు సెప్పిందో?"

"సూద్దాంలే వదినా. పత్తి వచ్చే దినాలు. పనులన్నీ ఒక కొలిక్కి రానీ," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

అక్కడే, ఆ జనంలోనే అతని చొక్కా పట్టుకుని అరవాలనిపించింది. అరిచి ఏం లాభం? దొంగ మాట ఎవడు నమ్ముతాడు? దొంగనని ఒప్పుకున్నది తానే గదా, అదీ ఊరిపెద్దల ముందర! ఎంత తెలివితక్కువ పని చేశానని తన్ను తాను తిట్టుకుంటూ బస్సెక్కి, ముందున్న ఆడవాళ్ళ సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా ఎండిన వేరుశనగ చేలు, నల్లరేగడి, కంపచెట్లు. ఏదీ కంటికి ఆనలేదు. వెనక సీట్లో అతను కండక్టరుతో ఏమన్నాడో, ఏ టికెట్లు కొన్నాడో కూడా వినలేదు.

ఎమ్మిగనూరులో సాలెవాళ్ళు దుప్పట్ల మూటలతో ఎక్కారు. వాళ్ళలో అయ్యన్న అనే నడివయసు మనిషి మూట ఒళ్ళో పెట్టుకుని పీరా సాబ్ పక్కన ఇరుక్కున్నాడు. "రోంత జరుగు సాబూ" అంటే, జరగడానికి పీరా సాబ్ పడిన అవస్థ చూసి, "నడుమా?" అని అడిగాడు.

గోనెగండ్లలో బస్సు ఆగింది. పీరా సాబ్ ట్రంకుపెట్టె దించి రోడ్డు పక్కన పెట్టాడు. జొహరాబీ దిగింది. దస్తగిరి రాలేదు. కబురే అంది ఉండదు. పెట్టె పక్కన నిలబడి, ఇక మొగుడి ఇంటికీ తనకూ రుణం తీరిపోయిందని అనుకుంటూ ఉండగా, పీరా సాబ్ వెనక్కి తిరిగి మళ్ళీ బస్సెక్కాడు.

ఏదో మరిచిపోయాడనుకుంది. కానీ పోయి మునుపటి సీట్లోనే కూర్చున్నాడు. ఆదోనికి తిరిగి పోవాలంటే రోడ్డుకు అవతల నిలబడాలి. ఈ బస్సు పోయేది కర్నూలుకు.

ఆమె కిటికీ కిందికి పోయింది. "పీరా! కర్నూలుకు పోతాండావా?"

"పోతాండా." అతను ముందు సీటు కమ్మీని చూస్తూ అన్నాడు. "నువ్వు పో వదినా. ఆడదాన్ని ఎంటేసుకొని పోతే ఎవరికి, ఏమి అని అందరూ అడుగుతారు. నేనొక్కన్నే పోయి సూపించుకొని వస్తా."

ఆమెకు ఒక్క క్షణం ఊపిరి ఆడింది. మాట నిలబెట్టుకున్నాడు. దొంగముద్ర తన నెత్తిన వదిలేసి పోతున్నాడు, పోనీ. బతికితే చాలు, తర్వాత కడుపారా తిట్టుకోవచ్చు.

ఆ వెంటనే ఇంకొకటి గుర్తుకొచ్చింది. బడే సాబ్ మొదట్లో ఇట్లాగే ఒక్కడే ఆసుపత్రికి పోయాడు. ఇంటిదాన్ని వద్దన్నాడు. డాక్టరు ముందు నిలబడితే, పక్కనే నర్సమ్మ ఉందని నోరు పెగల్లేదట. నెత్తురు మాటే ఎత్తకుండా "కడుపునొప్పి" అని చెప్పి, ఆ మాటకు తగ్గ మాత్రలు తెచ్చుకుని, "సూపించుకున్నా, ఏమీ లేదన్నారు" అని ఇంటిల్లిపాదినీ నమ్మించాడు. ఈ సంగతి చచ్చేముందు చెప్పాడు. పీరా సాబ్ కూడా అదే చేస్తాడు. ఆదోనికి వచ్చి, "సూపించుకున్నా" అంటాడు. సర్దార్‌బీ దిష్టి తీస్తుంది. ఇంకెవరూ అతన్ని కర్నూలుకు పంపలేరు.

కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలింది.

"ఆపప్పా! ఆపు!" జొహరాబీ అరచేత్తో బస్సు రేకును దబదబా బాదింది. ముఖం మీది కొంగు జారిపోయినా పట్టించుకోలేదు. బస్సు ఆగింది. ట్రంకుపెట్టెను తానే ఎత్తి మెట్లమీదికి తోసి, దాని వెనకే ఎక్కింది.

"ఏమ్మా, ఆటలుగా ఉండాదా? దిగేది నువ్వే, ఎక్కేది నువ్వే!" కండక్టరు కసిరాడు. "యాడికి?"

"కర్నూలుకు. టికెట్టు ఆయన తీస్తాడు," అని వెనక సీటు వైపు చెయ్యి చూపించింది.

బస్సులోవాళ్ళంతా వెనక్కి తిరిగారు. కండక్టరు సీట్లు పట్టుకుంటూ అక్కడికి పోయాడు.

"ఏం సాబూ, ఈమె మీ మనిషేనా? కర్నూల్లో యాడికి?"

"మా వదినె," అన్నాడు పీరా సాబ్. "పెద్దాసుపత్రికి."

"ఎవరికి బాగలేదు? ఆమెకా?"

మళ్ళీ అందరి కళ్ళూ జొహరాబీ మీదికి వచ్చాయి. ముతక చీర, గాజుల్లేని చేతులు, ట్రంకుపెట్టె, రేగిన జుట్టు. ఆమెకే ఏదో అయిందని అందరూ అనేసుకున్నారు. అట్లా అనుకోనివ్వడం పీరా సాబ్‌కు చాలా సులువు. తల ఊపితే సరిపోతుంది. ఆమె కమ్మీ పట్టుకుని, అతని కళ్ళలోకే చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఏ ఇద్దత్తూ ఆమె నోరు నొక్కలేదు. అరవాలంటే అరవగలదు. అరవలేదు. ఈ మాట నువ్వే అనాలి, ఇక్కడ అనలేనివాడివి అక్కడా అనలేవు అన్నట్టు చూసింది.

బస్సు గతుకుల్లో ఊగింది. పీరా సాబ్ రెండు చేతులతో ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు.

"నాకు," అన్నాడు.

"ఏమైంది?"

"నెత్తురు పడతాంది."

"యాడ నుంచి?" కండక్టరు చెవి దగ్గరికి తెచ్చాడు.

"దొడ్డికి పోయినప్పుడు. శానా దినాల నుంచి." మాట మొదట చాలా మెల్లగా వచ్చింది. తర్వాత, ఇక దాచేదేముందన్నట్టు, అందరికీ వినిపించేంత గట్టిగా వచ్చింది. "ఈ మధ్య నొప్పి గూడా ఉంది."

ముందు సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కండక్టరు నవ్వలేదు. టికెట్టు చించి అతని చేతిలో పెట్టి ముందుకు పోయాడు.

అయ్యన్న మూటను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. "ఓస్, మొలలప్పా అవి! దానికి కర్నూలు దాకా ఎందుకు పోతావు? మగ్గం గుంటలో కూసునేటోళ్ళం, మాకందరికీ ఉంటాయి. నాకు లేవా? మీ ఆదోనిలోనే పొట్లాలు కట్టిస్తారు. నేను వాడతాండా గదా."

పీరా సాబ్ అతని వైపు తిరిగాడు. ఆ పసుపుపచ్చ ముఖం మీద చెమట కారుతోంది.

"మా నాయనకు మొలలే అన్నారు. మా యన్నకు గూడా మొలలే అన్నారు. ఆ పొట్లాలే వాడినాడు. నిన్ననే నలభయ్యో దినం సేసినాం," అన్నాడు. "నీకు గూడా నెత్తురు పడతాందా?" అని అడిగాడు.

అయ్యన్న కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశాడు. దుప్పట్ల మూట ముడి విప్పి, మళ్ళీ వేశాడు. కోడుమూరు చేల మీదికి బస్సు తిరిగాక, ముందు సీటువాళ్ళకు వినపడకుండా వంగి అడిగాడు.

"యా డాక్టరప్పా?"

పీరా సాబ్‌కు తెలియదు. ఇద్దరూ తలలెత్తి, కమ్మీ పట్టుకుని నిలబడిన జొహరాబీ వైపు చూశారు.

"ముందు రోంత జరగండి," అంది ఆమె. "కూసోని సెప్తా."